దూరం కెమెరా, దగ్గర కెమెరా

రాజోలు,
5 జులై 2009

చిరంజీవి తమ్ముడు రాజేంద్రకి,

అక్క సత్యదుర్గ దీవించి రాసేది. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో నువ్వు వాదించవు. "సరేనక్కా, అలాగేనక్కా" అంటావు. నేను గట్టిగా అడిగితే మస్కట్‌లో సిగ్నలు పోయిందంటావు. కాగితానికి సిగ్నలు పోదు. ఇకమీదట అసలు సంగతులన్నీ కాగితం మీదే. జవాబు కూడా కాగితం మీదే ఇవ్వాలి.

మీ బావ సూరిబాబుగారు పోయి రెండేళ్ళయింది. స్టూడియో తలుపు రోజూ తీస్తూనే ఉన్నాను. ఆయన రీలు కెమెరా ఉంది, బాగానే ఉంది. రీళ్ళు కడిగే ల్యాబే అమలాపురంలో మూసేసేరు. ఎవరిదో చిన్న డిజిటల్ కెమెరా అరువు తెచ్చి, మీ గల్ఫు వెళ్ళేవాళ్ళకి పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నాను. నేను ఎదురుగా నిలబడితే వాళ్ళెవరికీ ఏమీ కావడం లేదు. విమానాలు క్షేమంగానే దిగుతున్నాయి.

పెళ్ళిళ్ళు మాత్రం రావడం లేదు. పెళ్ళిళ్ళు లేకుండా స్టూడియో నడవదు. వచ్చే ఏడాదికి మూసేయాల్సిందే. నాకు పని రాదని ఎవరూ అనలేదు. మీ బావ ఉన్నన్నాళ్ళూ లైటు పట్టుకుని పీటల పక్కన నిలబడింది నేనే. తాళి కట్టే వేళ నా కొంగు పెళ్ళికూతురి తలకి తగిలేంత దగ్గర. అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. ఇప్పుడు అదే చెయ్యి, అదే కొంగు. మొగుడు చచ్చిపోయేడు కాబట్టి నేను పెళ్ళికి కీడు. బొట్టు తీయలేదని వాళ్ళకి ఒక కోపం, కెమెరా పట్టుకున్నానని ఇంకో కోపం. పిలిచే ఒకరిద్దరు కూడా నన్నెక్కడ నిలబెడుతున్నారో నీకు వేరే చెప్పక్కర్లేదు.

నువ్వు కెమెరాల కొట్లో పనిచేస్తున్నావు. ఇదంతా ఆలోచించి నాకొకటి పంపు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. స్టూడియో వెనకగోడ చెమ్మెక్కి, తెర మీది కాశ్మీరు కొండలకి బూజు పట్టింది. కొంతమంది అదే బాగుందంటున్నారు.

ఇట్లు,
అక్క సత్యదుర్గ

*

మస్కట్,
19 జులై 2009

ప్రియమైన అక్కకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. మా గదిలో అందరూ ఎవరైనా పోయేరా అని కంగారు పడ్డారు. ఈ రోజుల్లో కవరు వస్తే అందుకేనట.

నువ్వు రాసినదంతా ఆలోచించేను. మా సూపర్‌వైజరు జోసఫ్‌తో కూడా మాట్లాడేను. నీకు సరిపోయేవి మా కౌంటర్లో రెండు ఉన్నాయి.

మొదటిది సూపర్‌జూమ్. లెన్స్ దానికే అతుక్కుని ఉంటుంది, మార్చే పని లేదు. ఉన్న చోటు నుంచి కదలకుండా ఇరవై రెట్లు దగ్గరికి లాగుతుంది. మా కొట్టు గుమ్మంలో నిలబడి అవతలి వీధి గడియారంలో సెకన్ల ముల్లు తీసేను.

రెండోది కొత్తరకం, మిర్రర్‌లెస్ అంటున్నారు. పెద్ద కెమెరాల్లో లోపల అద్దం ఉంటుంది కదా, అది తీసేసి ఒళ్ళు చిన్నది చేసేరు. బొమ్మ పడే సెన్సర్ మాత్రం పెద్దది. వెలుతురు తక్కువున్నా శుభ్రంగా వస్తుంది. లెన్స్ మార్చుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం తెచ్చిన రకమే అయినా పనితనం ఉంది. లోపమేమిటంటే, దానితో వచ్చే చిన్న లెన్స్‌కి దూరం అందదు. తాళి తీయాలంటే పీటల పక్కనే నిలబడాలి.

కాబట్టి నీకు మొదటిదే సరైనది. పందిట్లోకి వెళ్ళక్కర్లేదు. గుమ్మం దగ్గర్నుంచో, వీధి అరుగు మీద నుంచో హాయిగా తీసుకోవచ్చు. ఎవరితోనూ మాటపడక్కర్లేదు. కాట్రేనికోన అప్పన్న సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపేను.

అమలాపురంలో మా కొత్త ఇంటికి శ్లాబు వేయడం అయింది. కార్తీకంలో గృహప్రవేశం. ఫోటోలు నువ్వే తీయాలి. వేరేవాళ్ళకి ఇచ్చేది లేదని నీ మరదలు అనూరాధతో కూడా చెప్పేను.

ఇక్కడ ఎండ సంగతి రాయకూడదు, రాస్తే కాగితం అంటుకుంటుంది.

ఇట్లు,
నీ తమ్ముడు రాజేంద్ర

*

రాజోలు,
23 ఆగస్టు 2009

రాజేంద్రకి,

నేను కోపంతో ఉత్తరం రాసేను. నువ్వు దాన్ని ఆర్డరు కింద రాసుకున్నావు. నన్ను దూరంగా నిలబెడుతున్నారని చెబితే, దూరం నుంచి పనిచేసే కెమెరా పంపేవు. అమ్మకాల్లో నీకు పైకి వచ్చే లక్షణాలు ఉన్నాయి.

సరే, కెమెరా అందింది. అప్పన్న ఒళ్ళో పెట్టుకుని తెచ్చేడు. శ్రావణంలో కొత్తపేట రామ్మూర్తి మాస్టారి అమ్మాయి వైదేహి పెళ్ళికి దాన్ని వాడేను. మాస్టారిది వేదం చదువుకున్న ఇల్లు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యేరు. సభల్లో స్త్రీలు ముందుకు రావాలని మాట్లాడతారు. పిల్ల నేనే కావాలని పట్టుబట్టింది, ఆయన కాదనలేకపోయేరు.

"అమ్మా సత్యదుర్గా, వ్యక్తిగతంగా నాకు ఏ పట్టింపూ లేదమ్మా," అన్నారు.

"సంతోషమండీ. అయితే పీటల పక్కన నిలబడతాను."

"ఆయ్, నిలబడచ్చు. మా వియ్యపురాలిగారే కొంచెం పాతకాలం మనిషి."

"ఆవిడతో నేను మాట్లాడనాండీ?"

"ఎందుకమ్మా మీకు శ్రమ. ఆ వంటల గుమ్మం దగ్గర మంచి గాలి కూడా వస్తుంది."

గాలి వచ్చింది. దానితో పాటు పులిహోర పోపు పొగ కూడా వచ్చింది. ముహూర్తానికి ముందు ఆ వియ్యపురాలు మంచినీళ్ళ కోసం అటు వచ్చి, "ఫోటోలావిడ ఇక్కడ పొగలో ఏం చేస్తోందండీ, ముందుకు రమ్మనండి" అంది. మాస్టారికి ఆ సమయానికి చెవి వినపడలేదు.

ఇక నీ కెమెరా. న్యాయంగానే రాస్తాను. ఎండలో దానికి తిరుగు లేదు. పెళ్ళివారు గోదారి దాటి పంటు దిగుతుంటే ఇవతలి రేవులో నిలబడి తీసేను. మగపెళ్ళివారి తాతగారి జేబులో పెన్ను మూత కూడా పడింది. కానీ తాళి పంటు మీద కట్టరు. వానకి మబ్బు పట్టింది, పందిట్లో వెలుతురు లేదు, ఫ్లాషు అంత దూరం వెళ్ళదు. ఇరవై రెట్లు లాగితే నా చేతి వణుకూ ఇరవై రెట్లయింది. తలంబ్రాల ఫోటోలో బియ్యం ఏవో, మచ్చలేవో నేనే చెప్పలేకపోయేను. తాళి కట్టేటప్పుడు సరిగ్గా నొక్కేను. అది గురి చూసుకుని, ఆలోచించుకుని తీసేసరికి మూడు ముళ్ళూ పడిపోయేయి. పురోహితుడి మోచెయ్యి మాత్రం చక్కగా వచ్చింది.

ఫోటోలు చూసి వైదేహి ఒకటే మాట అంది. "మీరెక్కడున్నారో కనపడలేదండీ. ఎటు చూసి నవ్వాలో తెలియలేదు."

మాస్టారు మాత్రం మురిసిపోయేరు. "ఎంత మంచి కెమెరా అమ్మా! మీకూ ఇబ్బంది లేదు, మాకూ ఇబ్బంది లేదు." ఆయన ఊరంతా చెప్పేరు. ఇప్పుడు నాకు పెళ్ళిళ్ళు వస్తున్నాయి. "ఆ దూరం కెమెరా ఆవిడ మీరేనాండీ?" అని అడుగుతూ వస్తున్నారు. ఇదివరకు నన్ను ఎలా వద్దనాలో తెలియక మొహమాటపడేవారు. ఆ మొహమాటం కూడా నువ్వు తీర్చేసేవు.

నాకు ఆ రెండోది పంపు.

అక్క

*

మస్కట్,
4 సెప్టెంబరు 2009

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించేను. పెళ్ళిళ్ళు వస్తున్నాయన్నమాట. నేను చెప్పలేదా? జోసఫ్‌కి కూడా చెప్పేను, అతను నాకు టీ ఇప్పించేడు.

ఫోటోలు మసకగా వస్తున్నాయని రాసేవు. అది కెమెరా తప్పు కాదు, చేతి వణుకు. దానికి మందుంది. మంచి ట్రైపాడ్ పార్సిల్లో పంపుతున్నాను. మూడు కాళ్ళూ విప్పి, గుమ్మంలో పెట్టి, దాని మీద బిగించు. ఎంత లాగినా కదలదు. తాళి కట్టడానికి ఒక నిమిషం ముందే బటను సగం నొక్కి ఉంచుకోవాలి. పొగ వస్తుందంటే వంటవాళ్ళకి చెప్పు, పొయ్యి జరుపుతారు.

రెండోది ఎందుకక్కా? దానికి దూరం రాదని రాసేను కదా. ఉన్న ఆర్డర్లు పోతాయి. జనం మనసు నువ్వూ నేనూ మార్చలేం. కెమెరా అనేది వస్తువు. దానికి ముత్తైదువెవరో, కానిదెవరో ఏం తెలుస్తుంది?

మన గృహప్రవేశానికి నీకు ఏ ఇబ్బందీ లేకుండా అప్పుడే ఏర్పాటు చేసేను. ఎదురింటి మాణిక్యాలరావుగారి మేడ మీద నుంచి మన గుమ్మం, వసారా మొత్తం కనపడతాయి. ఆయనతో ఫోనులో మాట్లాడేను, ఒప్పుకున్నారు. హోమం లోపల హాల్లో అనుకున్నాం. నీకు కనపడాలని వసారాలోకి మార్పించేను. పురోహితుడు గొణిగేడు, అయినా వినలేదు.

ఇట్లు,
రాజేంద్ర

*

రాజోలు,
20 సెప్టెంబరు 2009

రాజేంద్రకి,

ట్రైపాడ్ అందింది. దానికి మూడు కాళ్ళున్నాయి, ఏ ఒక్కటీ పందిట్లోకి నడవదు. నీ ఉద్దేశానికి సరిగ్గా సరిపోయింది.

నీ సమాచారం అందేలోపే అనూరాధ వచ్చింది, పూతరేకులు పట్టుకుని. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, ఉన్నదున్నట్టు చెప్పింది.

"వదినగారూ, మీరేమీ అనుకోకూడదండీ. మాణిక్యాలరావుగారి మేడ మీద మీకు కుర్చీ వేయించేమండీ. టేబుల్ ఫ్యాను కూడా పెట్టిస్తున్నామండీ."

"ఎండలో కూర్చోబెట్టడం లేదన్నమాట."

"అయ్యో, ఎంతమాటండీ! టిఫిను, కాఫీ కూడా పైకే పంపుతామండీ."

"గృహప్రవేశం ఎవరిది అనూరాధా?"

"మనదేనండీ."

"మన అంటే ఎవరెవరు?"

"వదినగారూ, మీరు వాదనలోకి దిగితే నేను చెప్పలేనండీ. పూతరేకులు మెత్తబడిపోతాయి, తినండి."

తిన్నాను. బాగున్నాయి. ఇప్పుడు వాదన నీతో.

మీ నమ్మకం ఏమిటి? నేను శుభకార్యంలో కనపడితే కీడు. ఎంత దూరంలో ఉంటే కీడు పోతుంది? వీధి దాటితే పోతుందా? మెట్లెక్కలేదా అది? ఇరవై రెట్లు దగ్గరికి లాగే గాజులోంచి నిన్ను చూస్తే, నా చూపు నీ ముక్కు మీద ఉంటుంది కదరా! అది తగలదా? నేను నొక్కిన బొమ్మ రేపు మీ హాల్లో గోడకి వేలాడదీస్తారు కదా, అది తగలదా? మీ మూఢనమ్మకానికి కూడా ఒక లెక్క ఉండాలి. చేతబడి నమ్మేవాళ్ళకైనా ఇంతకంటే పద్ధతుంటుంది. మీకు నా పని కావాలి, నేను అక్కర్లేదు. ఇందులో దేవుడూ లేడు, శాస్త్రమూ లేదు. పనిచేసే ఆడదాన్ని గోడ అవతల ఉంచుకోవడం ఉంది.

కెమెరా వస్తువే, దానికి ఏమీ తెలియదని రాసేవు. తెలియదు. కానీ దాన్ని ఎంచినవాడికి తెలుసు. నీ మొదటి కెమెరా ఉంటే, "అక్కడ నిలబడి తీయండి" అని ఎవరైనా అనగలరు. రెండోది చేతిలో ఉంటే అనలేరు. అన్నారంటే ఫోటో రాదు. నాకు ఆ చిన్న లెన్స్ కావాలి, దాని లోపంతో సహా. ఆ లోపం కోసమే కావాలి.

వెలుతురు, సెన్సర్ సంగతులు కూడా నాకు పట్టింపే, ఎందుకంటే నాకు పని వచ్చు. కానీ అవి రెండో సంగతి.

వచ్చిన మూడు పెళ్ళిళ్ళూ వద్దన్నాను. రెండో కెమెరా వస్తే ముందుండి తీస్తాను. రాకపోతే స్టూడియో మూసేస్తాను. మేడల మీద మాత్రం బతకను.

అక్క

*

మస్కట్,
8 అక్టోబరు 2009

ప్రియమైన అక్కకి,

కోప్పడకు. నువ్వు అడిగిన రెండో కెమెరానే పంపుతున్నాను. అప్పన్న ఇక్కడికి తిరిగి వచ్చేసేడు కాబట్టి అతని బావమరిది ద్వారా వస్తుంది. నల్లది, చేతిలో ముద్దుగా ఉంటుంది. నేను సెలవు మీద వచ్చేలోపు నువ్వు చెయ్యి తిప్పుకో.

ఇటు అనూరాధ, వాళ్ళమ్మగారు రోజూ ఫోను చేస్తున్నారు. అటు నువ్వు. నిద్ర లేదు. చివరికి ఇద్దరికీ న్యాయంగా ఉండే దారి దొరికింది. ఈ కెమెరాకి లెన్స్ మార్చుకోవచ్చు కదా. పెట్టెలో వచ్చిన చిన్న లెన్స్ కొట్లో ఇచ్చేసి, దాని బదులు పొడుగు లెన్స్ పెట్టించేను. నువ్వు కోరిన కెమెరా నీకు వచ్చింది. మేడ మీద నుంచి కూడా బ్రహ్మాండంగా వస్తుంది. మసక ఉండదు. ఇన్నాళ్ళూ ఈ ఉపాయం తట్టనందుకు జోసఫ్ నన్ను తిట్టేడు.

ఈసారి నువ్వు సంతోషిస్తావని నమ్ముతున్నాను.

ఇట్లు,
రాజేంద్ర

*

రాజోలు,
22 అక్టోబరు 2009

రాజేంద్రకి,

కెమెరా అందింది. లెన్స్ నా ముంజేయంత ఉంది. దగ్గరున్న మనిషిని తీయబోతే గురి కుదరడం లేదు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినాయన్ని తీయాలంటే నేను రోడ్డు మీదికి వెళ్ళాల్సి వచ్చింది. ఆర్టీసీ బస్సు ఆగి దారిచ్చింది.

నిన్ను తిట్టడానికి మాటలు వెతికేను. ఉన్నవన్నీ పోయిన ఉత్తరంలోనే అయిపోయేయి.

గృహప్రవేశానికి వస్తాను. అక్కగా రాను. స్టూడియోవాళ్ళు వచ్చినట్టు వస్తాను. నువ్వు పెట్టిన చోట నిలబడతాను, నువ్వు పంపిన లెన్సుతో తీస్తాను, పని అయ్యేక వెళ్ళిపోతాను. భోజనానికి నా విస్తరి వేయించకు. టేబుల్ ఫ్యాను అక్కర్లేదు.

సత్యదుర్గ

*

రాజోలు,
15 నవంబరు 2009

రాజేంద్రకి,

నువ్వు సెలవుకి వచ్చి, ఇల్లు చేరి, తిరిగి విమానం ఎక్కేవు. అమలాపురం నుంచి రాజోలుకి బస్సులు బాగానే తిరుగుతున్నాయని మాత్రం రాస్తున్నాను.

ఫోటోలు కడిగించి పంపుతున్నాను. సీడీ అనూరాధకి ఇచ్చేను.

ముందు కెమెరా సంగతి. ఇది మొదటిదానికంటే చాలా మెరుగు, అబద్ధమాడను. మబ్బు పట్టినా మసక లేదు. నొక్కగానే తీసింది. మీ ఇద్దరి చేతుల కంకణాలకి పసుపు ఎక్కడ ఎక్కువైందో కూడా కనపడుతోంది. అంత స్పష్టంగా రావడం వల్లే చిక్కొచ్చింది. చూడు.

ఆవూ దూడా గుమ్మంలోకి అడుగుపెడుతున్న ఫోటో. అందరూ ఆవు వైపు చూస్తున్నారు. ఆవు గుమ్మం వైపు చూస్తోంది. నువ్వు మేడ వైపు చూస్తున్నావు.

గుమ్మడికాయ కొడుతున్న ఫోటో. అనూరాధ కళ్ళు మూసుకుంది. వాళ్ళమ్మగారు వెనక్కి జరిగేరు. నువ్వు మేడ వైపు.

దేవుడి పటం నెత్తిన పెట్టుకుని మెట్టెక్కుతున్న ఫోటో. పటంలో దేవుడు కూడా ఎదరకే చూస్తున్నాడు. నువ్వు తల వెనక్కి తిప్పి మేడ వైపు. కాలు తడబడింది కూడా, తర్వాతి ఫోటోలో నిన్ను ఎవరో పట్టుకున్నారు.

హోమం దగ్గర పురోహితుడు నీ గడ్డం పట్టుకుని నిప్పు వైపు తిప్పేడు. అదీ ఉంది. చెయ్యి వదలగానే మళ్ళీ మేడ వైపు.

మొత్తం చూసేను. నువ్వు ఎదరకి చూసిన ఫోటో ఒక్కటీ లేదు. అనూరాధ ఒకటి అడుగుతోంది, గోడకి పెట్టడానికి. నేను తీయలేదని అనుకుంటోంది. నువ్వు చూడలేదని ఆమెకెలా చెప్పను?

వైదేహికి ఎటు చూడాలో తెలియలేదు. నీకు తెలుసు. అది ఒప్పుకుంటున్నాను. పైకి చూడడానికి నీకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. చెయ్యి ఊపడానికి మటుకు కావలసి వచ్చింది.

ఒక్కసారి ఊపి ఉంటే దిగి వచ్చేదాన్నిరా. చెప్పులు కూడా విప్పలేదు.

అక్క

*

మస్కట్,
2 డిసెంబరు 2009

అక్కకి,

ఫోటోలు అందేయి. ఎవరికీ చూపించలేదు. జోసఫ్ అడిగేడు, ఇంకా రాలేదన్నాను.

మాఘంలో మా అమ్మాయికి ఓణీలు ఇస్తున్నాం. ఫోటోలు నువ్వే తీయాలి. చిన్న లెన్స్ కొట్లో తిరిగి సంపాదించేను. అప్పన్న మళ్ళీ ఊరొస్తున్నాడు, సంక్రాంతిలోపే తెస్తాడు. పొడుగు లెన్సూ, సూపర్‌జూమూ, ట్రైపాడూ అతని చేతికే ఇచ్చి నాకు వెనక్కి పంపించేయి. అవి అక్కడుంటే మనవాళ్ళు మళ్ళీ మేడ మాట ఎత్తుతారు.

అనూరాధకి ఫోనులో చెప్పేను. కెమెరాకి ఇప్పుడు దగ్గర లెన్సే ఉంది, దూరం నుంచి ఏమీ రాదు, అక్క పీటల పక్కన నిలబడకపోతే ఫోటోలే ఉండవు అని. వాళ్ళమ్మగారు ఫోను తీసుకుని వేరే స్టూడియోని పెట్టుకోమన్నారు. పెట్టుకోనన్నాను. అయితే ఫంక్షనుకి తను రానన్నారు. ఆయ్, మీ ఇష్టమండీ అన్నాను.

అక్క మా అమ్మాయికి మేనత్త, అక్కడ నిలబడడం ఆవిడ హక్కు అని చెప్పాల్సింది. అది తెలుసు. నోటిదాకా వచ్చింది. లెన్స్ గురించి చెప్పడమైతే నాకు అలవాటు, ఆ మాట దానంతటదే వచ్చేసింది.

సిగ్నలు పోలేదు. నేనే పెట్టేసేను.

నీ తమ్ముడు,
రాజేంద్ర

*

రాజోలు,
18 డిసెంబరు 2009

చిరంజీవి తమ్ముడు రాజేంద్రకి,

అక్క సత్యదుర్గ దీవించి రాసేది.

నువ్వు చెప్పిన కారణం తప్పు. నేను అక్కడ నిలబడాల్సింది లెన్స్ పొట్టిదైనందుకు కాదు. రేపు ఇంకో కొత్త కెమెరా వస్తే మళ్ళీ నన్ను మేడ ఎక్కిస్తావా? దీని గురించి నీకు చెప్పాల్సింది చాలా ఉంది. నాలుగు కాగితాలు రాసి, బరువెక్కువైందని తీసేసేను. ఫంక్షన్ అయ్యేక ముఖం మీదే చెబుతాను, నువ్వు సెలవు పొడిగించుకుని రా.

కారణం తప్పైనా చోటు సరైనదే. వస్తాను. ఈసారి నా విస్తరి కూడా వేయించు.

అక్క